తోలు లేని మాండలిన్

మొన్న మా మనవరాలికి గిటారు వచ్చింది. పెద్ద అట్టపెట్టెలో, తెల్లటి థర్మోకోల్ ముక్కల మధ్య పడుకొని వచ్చింది. పిల్ల మురిసిపోతూ తెచ్చి నా ఒళ్లో పెడితే, నేను చేసిన మొదటి పని దాని గుండ్రటి కంతకు ముక్కు ఆనించి వాసన చూడటం. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. "నానమ్మా, అదేం మామిడిపండు కాదు" అంది పిల్ల. రంగు వాసన తప్ప మరేమీ తగల్లేదు. "దీన్ని దేంతో అతికించారో" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. నా పెళ్లయిన కొత్తలో మాత్రం సరిగ్గా ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. అందులో ఒకదాన్ని నేను.

నేను వికారాబాద్ పిల్లను, తాండూరు కోడలిని. మా అత్తగారింట్లో కందుల వ్యాపారం. ముందుగది నిండా బస్తాలు, కింద నాపరాతి బండలు, ఇల్లంతా కందిపొట్టు. తుమ్ములు తగ్గడానికే నాకు ఆరు నెలలు పట్టింది. మా ఆయనకు ఒక అక్క ఉండేది. నిజాం రాజ్యం పోయిన ఏడాదే ఆమె భర్త కూడా పోయాడు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. నేను కాపురానికి వచ్చి కుదురుకునేసరికి ఇరవై ఏడు. తెల్లచీర, ఒంటిపూట తిండి, వంటిల్లు, వెనక దొడ్డి. ముందు వాకిట్లోకి వచ్చిందంటే ఏదో వస్తువు అందించడానికే.

మా వదిన కందులు చెరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. చేట అంచు మీద ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ, ఎత్తుతూ, మళ్లీ నొక్కుతూ ఉండేది. నాకేం తెలుసు? "తిమ్మిర్లు పట్టినయా వదినా?" అని అడిగాను. ఆమె నవ్వింది. ఆ ఇంటికొచ్చాక ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి. "తిమ్మిర్లు గాదు, పాట" అంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ముచ్చటపడి మాండలిన్ నేర్పించాడట. తల్లి భజనలు పాడుతుంటే కూతురు వాయించేదట. మాండలిన్ పెళ్లితో పాటు అత్తవారింటికి పోయింది. ఈమె తిరిగొచ్చింది, అది రాలేదు. ఆ తర్వాత కూతురు వాయించలేదు, తల్లి పాడనూ లేదు.

ఆ తల్లి, అంటే మా అత్తమ్మ, కన్నడ సీమ ఆడపడుచు. సన్నగా పొట్టిగా ఉండేది కాని ఇల్లంతా ఆమే ఉన్నట్టుండేది. కోపం వస్తే కన్నడంలోకి దిగేది. "సాకు" అందంటే ఇక చాలు, నోరు ముయ్యమని. ఆ మాట పడ్డాక బస్తాలు మోసే హమాలీలు కూడా అడుగుల చప్పుడు తగ్గించేవాళ్లు. వదినకు మాండలిన్ తెప్పిద్దామని నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "సాకు" అంది. నాలుగోసారి, "దేవుని ముందర కూసోని భజన వాయిస్తే తప్పేంది అత్తమ్మా?" అన్నాను. ఆమె చేస్తున్న ఒత్తిని పక్కన పెట్టి పూజగది వైపు చూసింది. "తోలు అనేది నా దేవునర్ర గడప తొక్కొద్దు. తబలకు తోలుంటది, హార్మోనియం తిత్తులకు తోలుంటది. అది లేని సామాను ఏదన్న ఉంటే తెచ్చుకోండ్రి" అంది. అలాంటిది దొరకదనే ధైర్యంతోనే అన్నదని నాకు ఇప్పటికీ అనుమానం.

"మాండలిన్‌ల తోలు యాడిది అత్తమ్మా? కర్ర, తీగ. గంతే."

"దీపం మీద ఒట్టేస్తవా?"

వేశాను. ఇరవై ఏళ్ల వయసులో ఒట్టు వేయడానికి ఆలోచన ఎందుకు?

వికారాబాద్‌లో మా పుట్టింటి గల్లీ చివర ఒక వడ్రంగి ఉండేవాడు. ఊరంతా మేస్త్రి అనేవాళ్లు, మేము వడ్ల మామ అనేవాళ్లం. తలుపులు, నాగళ్లు చేసే మనిషే. ఎప్పుడో ఒక నాటకాల కంపెనీ వాళ్లు విరిగిన మాండలిన్ బాగుచేయమని ఇచ్చి పోయారు, మళ్లీ రాలేదు. ఈయన దాన్ని విప్పి, అతికించి, మళ్లీ విప్పి, చివరికి సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. ఏడాదికి మూడో నాలుగో చేసేవాడు, అంతకు మించి చేయమంటే విసుక్కునేవాడు. పట్నంలో షాపుల్లో దొరికే వాటిని చూసి, "అవి డబ్బలు. ఎవ్వల చేతికైనా ఒక్కటే తీరుంటయి" అనేవాడు. కూలగొట్టిన పాత ఇళ్ల తలుపులు, పెట్టెలు కొనుక్కొచ్చి పొయ్యి మీది అటకలో ఏళ్ల తరబడి పొగకు ఆరబెట్టేవాడు. ఒక్కో పలకను తీసి చెవి దగ్గర పెట్టుకొని వేలి కణుపుతో తట్టేవాడు. కొన్నిటికి తల ఊపేవాడు, కొన్నిటిని పొయ్యిలోకి పంపేవాడు. ఆయన చేసినవి చూడటానికి గొప్పగా ఉండవు. వార్నిష్ పలుచన, చెక్కడాలు లేవు. కాని ఒళ్లోకి తీసుకుంటే మన కోసమే పుట్టినట్టు కూర్చునేవి. అందుకు కారణం ఉంది. వాయించేవాళ్ల చేతిని కొలవందే ఆయన కర్ర ముట్టేవాడు కాదు.

ఊళ్లోవాళ్లకు పద్మనాభస్వామి దర్శనమని చెప్పి వదినను రైల్లో వికారాబాద్ తీసుకుపోయాను. నిజంగానే ముందు అనంతగిరి ఎక్కి దండం పెట్టుకునే వచ్చాం. ఆ ఒక్కటీ అబద్ధం కాదు. వడ్ల మామ వదిన చెయ్యి తాను ముట్టకుండా ఒక దారం నా చేతికిచ్చాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, అరచేతి వెడల్పు, మోచేతి పొడవు, అన్నీ కొలిచి ముడులు వేశాను. అంతా అయ్యాక వదిన మూల పొయ్యి మీద కుతకుతమంటున్న కుండ వైపు చూసింది. "గదేంది మామా?" అంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటూ.

"వజ్రం బిడ్డా. అతికిచ్చే జిగురు. తోలు ముక్కలు ఉడకబెట్టి కాస్తం."

దీపం, ఒట్టు, అత్తమ్మ మొహం అన్నీ ఒకేసారి కళ్ల ముందుకు వచ్చాయి. "ఎవ్వలకు తెలుస్తది వదినా? లోపటి సంగతి గదా" అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. "అమ్మకు అబద్ధం చెప్పి వాయిస్తే నా వేళ్లు ఆడయి" అంది. వేరే జిగురుతో చేయమని ఆయన్ను నేనే బతిమాలాను. వడ్ల మామ చేతిలో ఉలి కింద పెట్టాడు. "చింతగింజల జిగురుంటది. కాగితాలకు పెడ్తరు, బొమ్మలకు పెడ్తరు. ఎనిమిది తీగలు బిగిస్తే ఎంత గుంజుతయో ఎరుకేనా మీకు? ఎండకాలం ఆగుతదేమో. వానలు పడ్డంక నాకు తెల్వది. నా చెయ్యి మీదికెళ్లి గసొంటిది బయటికి పోలేదు ఇంతవరకు" అన్నాడు. వదిన కళ్లలో నీళ్లు చూసి ఆయన కోపం సగంలో ఆగింది. "సరే. శ్రుతి మాత్రం తక్కువల పెట్టుకో బిడ్డా. పైకి గుంజినవంటే నా పూచీ లేదు" అని ఒప్పుకున్నాడు.

ఎండలు ముదిరే వేళకు మాండలిన్ వచ్చింది. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకొని రెండు రోజులు ఊరికే కూర్చుంది. మూడో రోజు దొడ్లో తలుపు వేసుకొని కొబ్బరిచిప్ప ముక్కతో మెల్లగా మీటింది. తొలి ఏకాదశి నాడు పొద్దున పూజయ్యాక దేవుని ముందు వాయించాలని అత్తమ్మ ముహూర్తం పెట్టింది. అప్పటికి వానలు మొదలవుతాయని ఆమెకేం ఫికర్? ఆ ఏడు మృగశిర కార్తె కూడా మమ్మల్ని కనికరించలేదు. రోజూ ముసురే. వదిన మాండలిన్‌ను గొంగడిలో చుట్టి వంటింట్లో దండెం మీద, పొయ్యికి వెచ్చగా వేలాడదీసింది. నేను రోజూ పొద్దున్నే గోటితో అతుకు వెంట తడిమి చూసేదాన్ని. గోరు దిగకపోతే హమ్మయ్య అనుకొని కాఫీ పెట్టేదాన్ని. ఇన్నేళ్లలో ఏ పిల్లల జ్వరానికీ నేను అంతగా భయపడలేదు.

ఏకాదశి పొద్దున. బయట వాన. దేవునర్రలో అత్తమ్మ, వదిన, గడప దగ్గర నేను. వదిన తక్కువ శ్రుతిలో, మంద్రంగా, భయం భయంగా మొదలుపెట్టింది. చిన్నప్పుడు తల్లి పాడిన భజనే. అత్తమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె పెదవులు కదిలాయి. ఆ తర్వాత గొంతు లేచింది. సన్నటి గొంతు, వయసుతో కాస్త బొంగురుపోయింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె పాడగా వినలేదు. రెండు చరణాలు పాడి ఆగి, "గంత కింద శ్రుతిల నాకు గొంతు అందుతలేదే. జర పైకి పెట్టు" అంది.

వదిన నా వైపు చూసింది. కుదరదంటే అత్తమ్మ ఎందుకని అడుగుతుంది. చెబితే ఈ పాట ఇక్కడితో ఆఖరు. వదిన మాండలిన్ చెవులు తిప్పి తీగలు బిగిస్తుంటే నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఎనిమిదీ బిగించింది. మళ్లీ మొదలైంది పాట. ఈసారి ఆ చిన్న గది నిండిపోయింది. అత్తమ్మ గొంతెత్తి పాడుతోంది. మూడో చరణంలో 'టక్'మని వినపడింది. అత్తమ్మ దీపం చిటపటలనుకున్నట్టుంది. నాకు కనిపించింది. వెనక పలక అతుకు విడిపోయి, చిటికెన వేలు పట్టేంత నోరు తెరిచింది. వదిన వాయించడం ఆపలేదు. కుడి మోచేతితో దాన్ని పొట్టకేసి అదిమిపట్టి, పళ్లు బిగించి, మీటుతూనే ఉంది. శ్రుతి కొంచెం జారింది. అత్తమ్మ గొంతు కూడా దాని వెంటే దిగింది. ఇంకా రెండు చరణాలు. ఆ భజన అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు.

పాట అయ్యింది. హారతి కూడా అయ్యింది. వదిన చెయ్యి మాత్రం తీయడం లేదు. "ఏమైందే?" అంది అత్తమ్మ. వదిన చెయ్యి తీసింది. వెనక పలక ఊడి ఒళ్లో పడింది. మోచేతి లోపల అంచు దిగినచోట ఎర్రగా కమిలి ఉంది. ఇక దాచి లాభం లేదని నేనే గడప దగ్గర నుంచి అంతా చెప్పేశాను. నా ఒట్టు, తోలు కుండ, చింతగింజల జిగురు, వానలు. "సాకు" కోసం ఎదురుచూస్తూ తల దించుకున్నాను.

అత్తమ్మ నా వైపు చూడనే లేదు. "పలిగింది ఎరుకయ్యి గూడ ఎట్ల వాయించినవే?" అని కూతుర్ని అడిగింది.

"నువ్వు పాడుతుంటివి గదమ్మా" అంది వదిన.

అత్తమ్మ ఊడిన పలకను రెండు చేతుల్తో తీసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగుతో మొహం తుడుచుకొని, పలకను నా చేతిలో పెట్టింది. "రేపటి బండికే వికారాబాద్ పో. మేస్త్రిని ఆయన రివాజు ప్రకారమే చెయ్యమను. ఏం పెట్టిండో నేనడగ. మీరు చెప్పకుండ్రి" అంది.

ఆ మాట అనడానికి ఆమెకు నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం కోసం మా వదిన పదహారో ఏట నుంచి ఇరవై ఏడో ఏట దాకా ఆ వంటింట్లో కూర్చుంది.