మందుల షాపు మీద అత్తగారు

"అందుకని ప్రేరణా గీరణా అని నన్నడక్కు తమ్ముడూ. మా ఇంట్లో ఆ పేరుతో ఎవరూ లేరు. ఉన్నది మా అత్తగారు. రేపు పొద్దున్నే ఆవిడ్ని మందుల షాపు మీద నుంచి దించేస్తున్నారు. ముందు అది రాసుకో."

రాతలక్క కుంచెను కిరసనాయిల్లో జాడిస్తూ మాట్లాడుతోంది. వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. ముప్పై ఏళ్ళుగా షాపుల బోర్డులు రాస్తోంది కాబట్టి రాతలక్క. ఎదురుగా పాత స్టూలు మీద కూర్చున్న మనిషి, పనివాళ్ళ కబుర్లు పోగేసుకు తిరిగేవాడు, నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని తల ఊపాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఊపుతూనే ఉన్నాడు. మెడ నొప్పెట్టదు కాబోలు అనుకుంది ఆమె.

ఈ పని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. బోర్డులు రాసేది మావగారు. కొడుక్కి నేర్పబోతే, రెండో మెట్టు మీదే వాడికి కళ్ళు తిరిగాయి. దాంతో కొడుకును నిచ్చెన కింద నిలబెట్టి, కోడల్ని పైకెక్కించాడు పెద్దాయన. ఆమెకు చెయ్యి కుదిరింది గానీ అక్షరం కుదరలేదు. రాసినవన్నీ గోడకు చేరేసిన బస్తాల్లా ఉండేవి. "అక్షరానికి ఒళ్ళుండాలమ్మా. కూర్చోవడం, లేవడం తెలియాలి," అని విసుక్కునేవాడు.

ఒళ్ళు బజార్లో దొరకదు. ఇంట్లోనే దొరికింది.

మందుల షాపుకి అక్షరానికో రేకు చొప్పున బోర్డు రాయాలి. మొదటిది 'మ'. ఆ పొద్దున కోడలు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. సగం పాలు పొయ్యి తాగింది. అత్తగారు పీట మీద మోకాళ్ళు రెండూ ఎడం చేసి కూర్చుని, కుడిచెయ్యి పైకెత్తి గంటసేపు తిట్టింది. కోడలు తల వంచుకోలేదు, కళ్ళప్పగించి చూసింది. రెండు మోకాళ్ళు రెండు గుండ్రాలు. నెత్తిన ముడి తలకట్టు. పక్కన లేచిన చెయ్యి కొమ్ము. మధ్యాహ్నానికల్లా అత్తగారు ఎర్రరంగులో, రెండు మూరల ఎత్తున రేకెక్కి కూర్చుంది.

"కడుపు మండి రాశాను తమ్ముడూ. అందులో కళా లేదు, గిళా లేదు."

అక్కణ్ణుంచి కిటుకు తెలిసింది. ఇంటిల్లిపాదీ ఊరి గోడలెక్కారు. భోంచేసి వెల్లకిలా పడుకునే మరిది పొట్ట, బొడ్డుతో సహా, పాఠశాల 'ఠ' అయింది. ఇరవై ఏళ్ళుగా పంతుళ్ళూ పిల్లలూ ఆ బొడ్డు కింద నుంచే లోపలికి పోతున్నారు. కాళ్ళు ఎడంగా పెట్టి నిచ్చెన పట్టుకునే మొగుడు గడియారాల షాపు 'గ'. ఈ గుట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు. నోరు జారింది డిజైన్ కాలేజీలో.

అక్కడి మేడం ఆమెను పిలిపించి చల్లటి గదిలో కూర్చోబెట్టింది. తెర మీద అలలూ, ఆకుల ఈనెలూ, గవ్వలూ చూపించి, అక్షరం ప్రకృతి ఒడిలో పుడుతుందని గంటసేపు చెప్పింది. చివర్లో, మరి మీకు ప్రేరణ ఎక్కడ దొరుకుతుందని ఈమెను అడిగింది. సముద్రం అని ఊరుకుంటే సరిపోయేది. "మా అత్తగారు తిట్టేటప్పుడండీ," అంది రాతలక్క, కుటుంబమంతటినీ వివరంగా పరిచయం చేసింది. హాలంతా చప్పట్లు. మేడం కళ్ళు తుడుచుకుని, ఇంటికెళ్ళి 'అణగారిన ఆక్రోశానికి అక్షరరూపం' అని వ్యాసం రాసింది. అది పత్రికలో పడితే, మరిది తల్లికి బిగ్గరగా చదివి వినిపించాడు. కింది పేరాలో తన పొట్ట ఉందని పాపం ఆయనకు తెలియదు.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోరోజు అత్తగారు కర్ర పట్టుకుని బయల్దేరింది. కోడలు వెనకే వెళ్ళింది. షాపు ఎదుట నిలబడి ఆవిడ తన్ను తాను కింద నుంచి పైదాకా చూసుకుంది.

"నా చెయ్యి అంత పొడుగుండదు."

"తిట్టేటప్పుడు ఉంటుంది అత్తయ్యా."

"మోకాళ్ళు మాత్రం కుదిరాయి."

కోడలు కాపురానికొచ్చాక ఆ నోట వచ్చిన మొదటి మెప్పు అది, మోకాళ్ళ వరకే అయినా. ఆనాటి నుంచి అత్తగారికి రోజూ సాయంత్రం ఏదో ఒక నొప్పి. మాత్ర కోసమని వెళ్ళి, మాత్ర కొనకుండా మెట్టు మీద కూర్చుని, పైనున్నది ఎవరో దారినపోయేవాళ్ళకు చెప్పి వచ్చేది. "మా కోడలు రాసింది" అని కూడా అంటుందని షాపాయన చెప్పాడు. రాతలక్క నమ్మలేదు.

నిన్న షాపాయన కొత్త బోర్డు తెచ్చాడు, లోపల దీపాలు వెలిగేది. "బాధపడకక్కా, ఇదీ నీ రాతే," అన్నాడు. నిజమే. కాలేజీవాళ్ళు ఆమె అక్షరాలన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లో ఫాంటు చేశారు. పల్లె మొహం ఎరగని, యాభై దాటిన మనిషి రాతకు 'పల్లెపడుచు' అని పేరు పెట్టారు. పక్క అక్షరానికి అడ్డొస్తోందని 'మ' చెయ్యి సగానికి కత్తిరించి, మిగిలిన మొండిని మర్యాదగా కిందికి వంచారు.

అత్తగారు అది చూసింది. "నా చెయ్యి ఎవడు కోశాడే?" అంది. ఇంటికొచ్చి మంచమెక్కింది. అప్పట్నుంచీ ఏ నొప్పీ లేదు, మాటా లేదు. పొద్దున కూర మాడినా నోరు మెదపలేదు.

"తిట్టడం మానేసింది తమ్ముడూ," అంది రాతలక్క, కుంచెను గుడ్డతో తుడుస్తూ. "ఈ రోజు ఎప్పుడొస్తుందా అని ముప్పై ఏళ్ళు చూశాను. తీరా వస్తే ఒక్క పూట తట్టుకోలేకపోతున్నాను. ఆ తల ఊపడం ఆపి, పుస్తకం మూసి, మందుల షాపుకి వెళ్ళు. నేను పోలేను. వాడి గడప తొక్కనని నిన్న నోరు పారేసుకున్నాను. ఆ మొదటి రేకు పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెయ్యకుండా నీకిమ్మని చెప్పు."

"మీరడిగారని చెప్పనా అక్కా?"

"మా అత్తగారు అడిగిందని చెప్పు. ఆవిడంటే వాడికి హడల్."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "అడ్డంగా పట్టుకు రమ్మనవే. ఎత్తి పట్టుకుంటే నా చెయ్యి గుమ్మానికి గీసుకుంటుంది."

రాతలక్క కాసేపు రంగు డబ్బా మూతతో కుస్తీ పట్టింది. అది ఎప్పుడో ఊడింది.

"విన్నావుగా, అడ్డంగా," అంది చివరికి. "దార్లో ఒక పాల ప్యాకెట్ కూడా తీసుకురా తమ్ముడూ. పొయ్యి మీద పెట్టి మర్చిపోవాలి."