ఏడో జల్లెడ

మా మేడమ్ సగం జీవితం పెట్టి రాసిన ప్రోగ్రామును ఏసీలో పెట్టింది నేనే. ఏసీ అంటే గోడకు తగిలించుకునేది కాదు. గుంటూరు చుట్టుపక్కల ఏసీ అంటే మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ. కల్లంలో ఎండిన కాయను వెంటనే అమ్మకపోతే ఏసీలో పెడతాం. చింతపండు మిగిలితే ఏసీలో పెడతాం. ప్రత్తిపాడు దగ్గర మా పొలంలో పండిన కాయ ఏటా అక్కడికే పోతుంది. పాడవకూడని వస్తువు ఏది చేతికొచ్చినా మా బుర్ర ముందు అటే పరిగెడుతుంది. ఇంజనీరింగ్ కాలేజీలో పాతికేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్న నా బుర్ర కూడా అటే పరిగెత్తింది.

మేడమ్ గురించి చెప్పాలి. ఆమెది సత్తెనపల్లి. నాన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలు. వాళ్ళ ఇంటి వెనకే మిరప కల్లాలు ఉండేవట. సెలవుల్లో ఆమె ఆ కల్లాల్లో తాలు ఏరే ఆడవాళ్ళ పక్కన కూర్చునేది. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. కబుర్లు చెప్పుకుంటూ, కాయవంక సరిగ్గా చూడకుండానే వాళ్ళ చేతులు తాలును పక్కకు విసిరేసేవి. మంచి కాయ కోసం ఎవరూ వెతకరు, పనికిరానిది తీసేస్తూ పోతే మిగిలిందే మంచిది. ఆ చిన్న సంగతే పట్టుకుని, పెద్దయ్యాక ఒక పెద్ద ఊళ్ళో పరిశోధన చేసే రోజుల్లో, అచ్చయిన తెలుగును చదివే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది. పుస్తకం పుటను బొమ్మగా తీసి ఇస్తే ఏ అక్షరం ఏదో యంత్రం చెప్పాలి. తెలుగు తెరమీద కనబడటమే గొప్ప అనుకునే కాలం అది. యంత్రం చదవడమేమిటని నవ్విన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు.

ఆమె ప్రోగ్రాము "ఇది ఏ అక్షరం" అని అడగదు. "ఇది ఏది కాదు" అని అడుగుతుంది. మొదటి మెట్టులో, తలకట్టు ఉందా లేదా? ఆ ఒక్క ప్రశ్నతో సగం అక్షరాలు పోతాయి. రెండో మెట్టులో, లోపల మూసుకున్న గుండ్రం ఉందా? ఇంకొన్ని పోతాయి. ఈ మెట్లను ఆమె జల్లెడలు అనేది. అవి మొత్తం పన్నెండు. పన్నెండో జల్లెడ దాటేసరికి మిగిలేది ఒక్కటే అక్షరం. తర్వాత ఆమె గుంటూరు వచ్చి పాఠాలు చెప్పింది. నేను ఆ క్లాసులో మూడో బెంచీలో కూర్చున్నాను. కూర్చున్నాను అనే అంటున్నాను. విన్నాను అని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆమె కోపం మా కాలేజీలో అందరికీ తెలుసు. తప్పు రాసి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ వచ్చేది. తప్పు దగ్గర వేలు ఆగేది. ఆ తర్వాత తిట్లు. ఆ తిట్లలోనే సరైన జవాబు కూడా వచ్చేసేది. అందుకని మేం ఒక ఉపాయం కనిపెట్టాం. జవాబు తెలియకపోతే వెళ్ళి అడిగేవాళ్ళం కాదు, అడిగితే "ఆలోచించుకో ఫో" అనేది. ఏదో ఒక తప్పు రాసుకుని తీసుకెళ్ళేవాళ్ళం. చివాట్లతో పాటు జవాబు కూడా పట్టుకొచ్చేవాళ్ళం. నా డిగ్రీ సగం అలాగే వచ్చింది.

రిటైరయ్యాక చాలా ఏళ్ళు అద్దె ఇంట్లో ఒక్కతే ఉంది. మతిమరుపు మొదలయ్యాక నల్లపాడులో చెల్లెలి దగ్గరికి మారాలని నిర్ణయమైంది. సామాను సర్దడానికి వెళ్ళాను. ప్రోగ్రాము కాగితాలున్న అట్టపెట్టె తెరిస్తే లోపల చెదలు తిన్న పొట్టు తప్ప ఏమీ లేదు. ఆమె ఆ పొట్టులో చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికింది. తర్వాత బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. అందులో ఫ్లాపీలు.

"ఇంకెక్కడా లేదు. ఎండ తగలనీకు, తేమ తగలనీకు. వీటిని చదివే మెషీన్ ఎక్కడన్నా దొరికితే చూడు. ఏడో జల్లెడలో ఒక లోపం ఉండిపోయిందయ్యా. అది సరిచేసి ఒక్కసారి నడపాలి. మనిషి మతి ఎంతకాలం ఉంటదో చెప్పలేం."

నడివేసవి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె రెండు మాటలు చెబితే నా చెవికి మొదటిదే ఎక్కింది. ఎండ తగలకూడదు, చెదలు పట్టకూడదు. ఇంకేముంది, డబ్బాను గోనెసంచిలో చుట్టి మా మిరపకాయ టిక్కీల, అదే బస్తాల, మధ్య ఏసీలో పెట్టించాను. పైగా ఎంత మంచి పని చేశానో అని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

ఫ్లాపీలు చదివే పాత మెషీన్ దొరికేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో మేడమ్ చాలా మారిపోయింది. అన్నం తిన్నదీ లేనిదీ చెల్లెలిని అడిగేది. కానీ నన్ను చూడగానే మాత్రం "మెషీన్ దొరికిందా?" అనేది. అదొక్కటి మరిచిపోలేదు.

ఏసీలోంచి డబ్బా తెచ్చిన రోజు ఆగలేక అక్కడే, ఆ ఎండలోనే మూత తీశాను. చల్లటి రేకు మీద క్షణాల్లో చెమట పట్టింది. ఫ్లాపీల మీద కూడా నీటి బొట్లు. తుడుస్తుంటే చేతికి ఎర్రగా కారం అంటింది. సంచుల మధ్య అంతకాలం పడుండేసరికి మూత సందుల్లోంచి మిరపపొడి దూరింది. దాని కింద తెల్లగా బూజు. ఇలాంటివి బాగుచేస్తాడన్న ఒకాయన్ని వెతుక్కుని హైదరాబాదు పోయాను. ఆయన ఒకటి విప్పి దీపం కింద పెట్టి చూపించాడు.

"పొర లేచిపోయింది సార్. తిప్పితే ఉన్నది కూడా గీరుకుపోద్ది. ఎక్కడ పెట్టారు వీటిని?"

ఏసీలో పెట్టానని చెబితే ఆయన మామూలు ఏసీ అనుకుని "అయితే ఇలా ఎందుకైంది" అంటాడు. మిరపకాయల మధ్య అంటే నవ్వుతాడు. కంప్యూటర్ మాస్టారు చేసిన పని అది.

తిరిగొచ్చాక రెండు వారాలు నల్లపాడు వైపు వెళ్ళలేదు. పిరికితనం, ఇంకో పేరు లేదు. మూడో వారం వెళ్ళి నిజం చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని విన్నది.

"తేమ తగలనీకు అని చెప్పానా లేదా?"

"చెప్పారు మేడమ్."

"మరి?"

ఆమె చెల్లెలు గుమ్మంలో నిలబడి, నన్ను కాపాడదామనుకుందో ఏమో, "పోనీలే అక్కా, ఇప్పుడు నా ఫోనే చదివేస్తంది పుస్తకాలన్నీ. నిన్న మందుచీటీ కూడా చదివింది" అంది. నేను కూడా సిగ్గులేకుండా తల ఊపాను.

మేడమ్ నావంక తిరిగింది. "ఎట్లా చదివిందో అది చెప్పుద్దా? ఇది ప, వ కాదు అని ఎందుకు అనుకుందో చెప్పమను. చెప్పలేదు. లక్ష పుటలు మింగింది, మింగి ఊహించుద్ది. నాది చెప్పుద్దయ్యా. ఏ జల్లెడలో ఏది పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో వరసగా చెప్పుద్ది." ఆ పూట ఆమె మాటలో తడబాటు లేదు. "పోయింది పోనియ్. కాగితాలు తీసుకురా. మళ్ళీ రాద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. కాలేజీ అయ్యాక రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. మొదటి మూడు జల్లెడలు నీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పింది. నాలుగో దాని దగ్గర ఆగి కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె ఆగిందని గమనించక నేనే ఏదో గుర్తున్నట్టు రాసుకుపోయాను. వేలు వచ్చి నా వరుస మీద ఆగింది.

"ఇదేంటి? బుర్ర ఉందా నీకు? వంపు ఎటు తిరిగిందో చూడకుండా పొడుగు కొలుస్తావా? ఎడమ వంపు, కుడి వంపు విడిగా లెక్కెయ్యాలి. పాతికేళ్ళు ఏం పాఠాలు చెప్పావయ్యా పిల్లలకి?"

నాలుగో జల్లెడ మొత్తం ఆ తిట్లలో దొర్లుకుంటూ వచ్చేసింది. నేను నవ్వాపుకుంటూ గబగబా రాసుకున్నాను. పాత ఉపాయం ఇంకా పనిచేస్తోంది. ఆ సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే, పన్నెండూ అయిపోతాయి, నా తప్పు కడుక్కుంటాను అనిపించింది.

అయిదు, ఆరు కూడా అయ్యాయి. ఏడో దాని దగ్గర అంతా ఆగిపోయింది.

ఏడో జల్లెడ ఎందుకంటే, పాత అచ్చులో సిరా పాకుతుంది. పాకితే ప అన్నది చూడటానికి వ లాగే అయిపోతుంది. సిరా పాకిన అక్షరాన్ని ఎలా పోల్చుకోవాలన్నదే ఆమె కనిపెట్టిన అసలు విద్య. అందులోని లోపాన్నే ఆమె సరిచేయాలనుకుంది. ఆ రోజు "ఏడోది..." అని మొదలుపెట్టి ఆగింది. కాసేపటికి "మొదటిది రాసుకో, తలకట్టు ఉందా లేదా" అంది. మర్నాడూ అంతే. ఆరు దాకా వచ్చేది, మళ్ళీ మొదటికి పోయేది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కొన్ని రోజులు మూడు దగ్గరే వెనక్కి తిరిగేది.

"నువ్వు క్లాసులో ఉన్నావుగా. నీకు తెలుసుగా ఏడోది. చెప్పు, నాకు నోట్లో ఆడుతుంది కానీ రావట్లేదు" అనేది.

ఉన్నాను. ఏడో జల్లెడ చెప్పిన రోజు కూడా క్లాసులోనే ఉన్నాను. పరీక్షకి బట్టీపట్టి రాశాను, మార్కులు కూడా వచ్చాయి. మర్నాడే మరిచిపోయాను. ఆనాటి క్లాసువాళ్ళలో దొరికినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. వాళ్ళకీ గుర్తులేదు. ఆమె అచ్చువేసిన వ్యాసంలో జల్లెడలున్నాయన్న మాటే ఉంది, ఏడోది ఎలా పనిచేస్తుందో లేదు. నా అంతట నేను కట్టుకుందామని సెలవుల్లో కూర్చున్నాను. పుటల మీద పుటలు చింపాను. ఆమె అప్పట్లో ఒక్క పూటలో చెప్పిన దాన్ని నేను నెల రోజులు తన్నుకున్నా కట్టలేకపోయాను. చేతగానితనం అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది. ఫ్లాపీలు పోగొట్టినందుకంటే దీనికే ఎక్కువ ఏడుపొచ్చింది.

చివరికి ఒక ఆదివారం పొద్దున, తిట్లు తిని వద్దామని బయలుదేరాను. తప్పు రాసి చూపిస్తాను, అదీ చిన్నాచితకా తప్పు కాదు. మొదటి జల్లెడలో అడిగిన ప్రశ్ననే ఏడో జల్లెడలో మళ్ళీ రాశాను. "తలకట్టు ఉంటే వ, లేకపోతే ప." సిరా పాకితే ముందు చెడేదే అది. మొదటి ఏడాది పిల్లలు కూడా నవ్వుతారు. ఆ వరుస చూస్తే ఆమెకు ఒళ్ళు మండాలి. ఆ మంటలో అసలు మాట బయటపడాలి.

వెళ్ళేసరికి ఆమె స్నానం చేసి, జుట్టు దువ్వించుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఏడు జల్లెడలూ వరసగా రాసిన కాగితం ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుంది. వేలు పెట్టుకుంటూ ఒకటి, రెండు, మూడు చదివింది. నాలుగు. అయిదు. ఆరు. ఏడో వరుస మీదకు వేలు వచ్చింది. ఆగింది. ఆమె ఆ వరుసను రెండుసార్లు చదివింది. పెదవులు కదుపుతూ మూడోసారి కూడా చదివింది.

"అది తప్పేమో మేడమ్, చూడండి" అన్నాను.

ఆమె తలెత్తింది. ముఖంలో కోపం లేదు. అన్నేళ్ళలో నావంక చూసి ఆమె అంత మెత్తగా నవ్వడం అదే మొదటిసారి.

"తప్పెందుకయ్యా? ఇదేగా నేను రాసింది. సరిగ్గా పట్టుకున్నావు."

కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. లోపల వంటింట్లో ఉన్న చెల్లెలిని పిలిచి, "ఇటు రా, ఈయనకి టీ పెట్టు. మా ప్రోగ్రాం అయిపోయింది" అంది.