మా అత్త కొలతలు

మా అత్త సాల్కినాయ్‌కి నోరు మంచిది కాదు. ఈ మాట నేనొక్కదాన్నే అనడం లేదు, మా ఊరు అట్‌బాషీలో వీధి వీధంతా అంటుంది. చెయ్యి మాత్రం చాలా మంచిదని కూడా అదే నోటితో అంటారు. షిర్దాక్ తివాచీ కుట్టినా, రొట్టెల పిండి కలిపినా, దూడకి పలుపు పేనినా ఆ చేతికి తిరుగులేదు. ఇంట్లో టేపు లేదు, త్రాసు లేదు. ఆవిడకి ఒళ్ళే కొలబద్ద. వేలు, బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. చిటికెడు, గుప్పెడు, దోసెడు సంగతి సరేసరి.

పోయినేడు ఎండాకాలంలో నా కూతురు బేగాయిమ్‌కి జబ్బు చేసింది. ఏది తిన్నా కడుపులో ఇమిడేది కాదు. ఆరేళ్ళ పిల్ల నాలుగేళ్ళ పిల్లలా అయిపోయింది. మందులు పడ్డాక వాంతులు తగ్గాయి. అక్టోబరులో ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మందు పనిచేస్తే పిల్ల పెరగాలి. ఏప్రిల్ దాకా చూద్దాం. పెరగలేదంటే పెద్దాసుపత్రికి బిష్కెక్ తీసుకెళ్ళాలి, కడుపు కోసి చూడాల్సి రావచ్చు" అంది. ఇంటికి వచ్చేదాకా మా ఆయన కుబాన్ బండి తోలుతూ రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఆ సాయంత్రమే మా అత్త పిల్లని పొయ్యి పక్క గుంజకి ఆనించి నిలబెట్టి, తలమీద రొట్టెల కర్ర అడ్డంగా పెట్టి, చాకుతో గీత గీసింది. పిల్ల మొండిది. అందరికీ గీస్తేనే నిలబడతానంది. దాంతో కుబాన్‌కి, నాకు, అత్తకి కూడా తలో గీత పడింది.

"ఇక ఏప్రిల్ దాకా ఈ గుంజ దగ్గరికి ఎవరూ పోకూడదు. పిండి పొంగిందా లేదా అని గడియకోసారి గుడ్డ తీసి చూస్తే అది ఎలా పొంగుతుంది?" అంది అత్త.

చలికాలమంతా పిల్ల గడప దాటలేదు. ఊళ్ళో పిల్లలు మంచులో జారుతుంటే ఇది కిటికీకి ముక్కు ఆనించి చూసేది. అప్పుడు మొదలైంది మా అత్త బడి. గుంజ తప్ప ఇంట్లో కొలవని వస్తువంటూ లేకుండా చేసింది. బంగాళాదుంపలు రెండు చేతుల్లో పెట్టి ఏది బరువో చెప్పించేది. నూనెలో వేయించే బూర్సోక్ పిండి ముక్కలన్నీ చూపుడువేలంత పొడుగు ఉండాలని, కొలత ఎక్కడ మొదలుపెట్టావో ముందు చూసుకోమని చెబుతూ కోయించేది. పెద్ద కెటిల్‌కి ఎన్ని గిన్నెల నీళ్ళు పడతాయో ముందు ఊహించమని, ఆ తర్వాత పోసి చూడమనేది. వంటిల్లంతా తడి, పిండి, దుంపల మట్టి.

"అత్తయ్యా, సగం పిండి నేలపాలు చేస్తున్నారు" అన్నాను ఒకరోజు.

"చీపురుంది, నీకు చేతులున్నాయి. ఊడ్చుకో" అంది. మళ్ళీ పిల్ల వైపు తిరిగి, "గిన్నె మీద గోపురం కట్టావేంటే? అది మసీదా, గిన్నెడు పిండా? అరచేత్తో సాపు చెయ్యి. అంచుకి సమానంగా ఉంటేనే గిన్నెడు" అని మందలించింది.

పిల్ల సాపు చేసి అడిగింది, "ఉప్పు ఎంత వెయ్యను నానమ్మా?"

"మూడు చిటికెలు."

"నా చిటికెలా, నీ చిటికెలా?"

మా అత్త పిండిచేత్తోనే తొడ చరుచుకుంది. "విన్నావా కోడలా? పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, నువ్వు అడగలేదే ఈ ప్రశ్న! అందుకే నీ చారు ఒకనాడు సముద్రం, ఒకనాడు చప్పిడి."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఇద్దరూ పళ్ళెంలో చెరో వైపు ఉప్పు పోసుకుని, పిల్లవి రెండు చిటికెలయితే నానమ్మది ఒకటి అవుతుందని తేల్చేదాకా నేనూ అక్కడే నిలబడి చూశాను. పిల్ల బుగ్గల్లో రంగు చూసి చాలా రోజులైంది. ఆ రోజు కొంచెం కనిపించింది, లేదా నాకలా అనిపించింది.

సగం అంటే ఏమిటో టీ పోస్తూ నేర్చుకుంది. మా వైపు మర్యాద తెలిసిందే కదా, మనం కోరుకునే అతిథికి గిన్నెలో సగమే పోస్తాం. మళ్ళీ మళ్ళీ పోస్తూ కూర్చోబెట్టుకోవచ్చని. నిండా పోశామంటే ఇక దయచేయమని. కుబాన్ పెదనాన్న తొక్తోసున్ ఒకనాడు వచ్చి, తన గుర్రం పోటీల కథ ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాడంటే ఇక దించడు. టీ పోసే పని బేగాయిమ్‌ది. కాసేపటికి పిల్ల గిన్నె అంచుదాకా తొణికేలా పోసి ఆయన చేతికిచ్చింది.

"ఏమ్మా, లేచి పొమ్మంటావా?" అన్నాడు పెద్దాయన, గుర్రం జూలు దువ్వినట్టు తన మీసం దువ్వుకుంటూ.

"కాదు తాతయ్యా! సగం, సగం పోసి చెయ్యి నొప్పెట్టింది. రెండు సగాలూ ఒకేసారి పోసేశాను. ఇది తాగి ఇంకోటి తాగు."

పెద్దాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ మాట నిజం చెయ్యడానికేమో రాత్రి భోజనం దాకా కదల్లేదు. మా అత్త మాత్రం పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని, "రెండు సగాలు" అని తనలో తానే అనుకుని మురిసిపోయింది.

ఏప్రిల్ వచ్చింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ పొద్దున ఎండ కాసిందని అత్తా నేనూ ఇంట్లో షిర్దాక్‌లన్నీ లాగి పెరట్లో కంచె మీద వేసి కర్రలతో దులుపుతున్నాం. చలికాలమంతా తొక్కిన తివాచీల దుమ్ముకి ఇద్దరం ముసుగులు కట్టుకున్నాం. నా మనసు దులపడం మీద లేదు.

"అత్తయ్యా, రేపు వాళ్ళెవరో చెప్పడం కాదు. ఇప్పుడే చూద్దాం" అన్నాను.

ఆవిడ కర్ర పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "పద" అంది. ఆ ఒక్క మాటతోనే ఆవిడకీ భయంగా ఉందని తెలిసిపోయింది. మా అత్త ఏ విషయమూ ఒక్క మాటతో వదిలే మనిషి కాదు.

పిల్ల గుంజకి ఆని నిలబడింది. మడమలు ఆనించి, గడ్డం దించి, అంతా పద్ధతిగా. అత్త తలమీద కర్ర పెట్టింది. కర్ర సరిగ్గా పాత గీత మీద ఆగింది. పైకి లేదు, కిందికి లేదు. అత్త కర్ర తీసి మళ్ళీ పెట్టింది. జుట్టు అణిచి పెట్టింది. అదే గీత.

ఆరు నెలలు. ఇన్ని మందులు, గుర్రపు మాంసం చారు, గోరువెచ్చటి పాలు. కుబాన్ గుమ్మంలో నిలబడి టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. అత్త ముఖం ఎలా ఉందో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

"నేను పెరగలేదా?" అంది బేగాయిమ్. వెంటనే దానికి కోపం వచ్చింది. "అయితే నువ్వూ నిలబడు నానమ్మా! అందరినీ కొలవాలి. ఆ రోజు అందరికీ గీశాం!"

దాన్ని ఊరుకోబెట్టడానికే అత్త గుంజకి ఆనుకుంది. పిల్ల స్టూలెక్కి కర్ర పెట్టింది, వేళ్ళు పెట్టి చూసింది. "నువ్వు తగ్గిపోయావు. నా వేళ్ళయితే మూడు, నీవయితే రెండు."

"ముసలితనం కదమ్మా, నడుం వంగింది" అన్నాడు కుబాన్ నీరసంగా.

"నీ నడుం చూసుకోరా ముందు" అంది అత్త. అంత బాధలోనూ ఆ నోరు ఊరుకోలేదు. కుబాన్ వచ్చి నిలబడ్డాడు. ఎద్దులాంటి మనిషి, ముప్పై నాలుగేళ్ళు. ఆయనా రెండు వేళ్ళు తగ్గాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పిల్ల స్టూలు దిగి, ఒక కాలి మీద ఇంకో కాలు వేసి రుద్దుకుంది. "నానమ్మా, ఇవాళ నేల చల్లగా ఉంది. ఆ రోజు కాళ్ళు వెచ్చగా ఉన్నాయి" అంది.

మా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిందికి చూసింది. ఉత్త చెక్క నేల. "ఓరి నా బుర్ర కాల!" అని అరిచింది. "తివాచీలు! తివాచీలు బయట వేసి పిల్లని ఉత్త నేల మీద నిలబెట్టాను! కొలత ఎక్కడ మొదలుపెట్టానో చూడకుండా కొలిచాను! చలికాలమంతా దాని చెవిలో జోరీగలా ఈ ముక్కే చెప్పి, నేనే..."

మిగతా మాట పెరట్లోకి పరిగెడుతూ అంది. కుబాన్, నేను ఆవిడ వెనకే. మూడు షిర్దాక్‌లనీ, సగం దులిపిన దుమ్ముతోనే ఈడ్చుకొచ్చాం. ఏది కింద, ఏది పైన అని అత్త అరుస్తోంది, మేం పరుస్తున్నాం. గదంతా పొగలా దుమ్ము. తుమ్ములు. కుబాన్ నిలబడ్డాడు, సరిగ్గా తన గీతకి తగిలాడు. అత్త నిలబడింది, సరిగ్గా తన గీతకి. అప్పుడు పిల్లని నిలబెట్టాం.

కర్ర గీత దాటి పైన ఆగింది. ఆ సందులో నా రెండు వేళ్ళు పెట్టాను. పట్టాయి. ఇంకా కొంచెం చోటు మిగిలింది. నేను వేళ్ళు తియ్యలేదు. ఏడుస్తున్నానని తెలుసు, ఆపాలనిపించలేదు.

"వదలవే, పిల్ల గుంజకి అతుక్కుపోతుంది" అంది అత్త. తలమీది కర్ర మాత్రం ఆవిడా తియ్యలేదు.

మర్నాడు డాక్టరమ్మ తన కొలబద్దతో చూసి, బరువు చూసి, మందు అలాగే కొనసాగించమంది. బిష్కెక్ మాట ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు కుబాన్ దారి పొడుగునా ఈల వేశాడు. నేను తిట్టలేదు.

ఇంటికి రాగానే అత్త పెట్టె మూత తెరిచి, దుప్పట్ల అడుగు నుంచి ఒక గౌను తీసింది. ముదురు నీలం బడి గౌను, తెల్ల కాలరుతో. నేనెప్పుడూ చూడలేదు.

"ఎప్పుడు కుట్టారు అత్తయ్యా?"

"అక్టోబరులో మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో. మీరు పడుకున్నాక" అంది, నా వైపు చూడకుండా. "తీసే రోజు వస్తుందో రాదో అని అడుగున పెట్టాను."

పిల్లకి తొడిగాం. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. అంచు పాదాల మీద పడుతోంది.

"ఇది చాలా పెద్దది నానమ్మా" అంది బేగాయిమ్.

"సెప్టెంబరులో బడికి వేసుకోవాలి కదత్తయ్యా, అంచు మడిచి కుడతాను" అని సూది కోసం చూశాను.

మా అత్త నా చేతిలోంచి అంచు లాగేసుకుంది. "దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. పిల్లే పెరుగుతుంది."