సులోచన కోసం నేను లేవని ఆదివారం

మెడకు తిరగటిరాయి కట్టుకుని ఇన్నేళ్లు నడిచాను. ఎవరికీ కనబడలేదు. గుడిలో ముందు వరుసలో కూర్చున్నాను, ప్రార్థనలు నడిపించాను, పెద్దమ్మగారు అనిపించుకున్నాను. రాయి మాత్రం అక్కడే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. చిన్నవయసు కదా అని ఊరడించకండి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

ఎనభైల్లో సంగతి. మాది గుంటూరు వైపు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, అమీర్‌పేటలో గది తీసుకున్నాను. పంజాగుట్టలో మా క్రైస్తవ సంఘం. ఏడాదికొకసారి, సేవ చేసిన యువతీయువకుల్లో ఒకరికి ఆరాధనలో శాలువా కప్పి యోగ్యతాపత్రం ఇచ్చేవారు. దానికొక పద్ధతి ఉండేది. పేరు చదవగానే సంఘ సభ్యులు ఇద్దరు లేచి నిలబడి, ఆ సేవను కళ్లారా చూశామని చెప్పాలి. విన్నామంటే కుదరదు. ఒక్కరే లేస్తే ఆ పేరు పక్కన పెట్టి తర్వాతి పేరు చదువుతారు.

ఆ ఏడు మొదట చదివిన పేరు సులోచన. గుడి వెనకాల బస్తీలో ఉండేది, పందొమ్మిదేళ్లు. ఆ ఎండాకాలం బస్తీ నల్లాలో మురికినీళ్లు కలిసి, ఇంటింటా పిల్లలకు వాంతులు, విరేచనాలు. సులోచన కాచిన నీళ్లలో ఉప్పూ చక్కెరా కలుపుకుని గడపగడపకూ తిరిగింది. నర్సు చదువుకు మిషన్ ఆస్పత్రిలో సీటు కోసం దరఖాస్తు పెట్టుకుంది. దానికి సంఘం ఇచ్చే ఆ యోగ్యతాపత్రం జతచేయాలి. చదివించే స్తోమత ఇంట్లో లేదు. ఆమెకున్న దారి అదొక్కటే. ఈ సంగతి నాకు తెలుసు. ఆమే చెప్పింది.

కానీ ఆమె వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు.

నేను రాని ఆదివారం లేదు. జ్వరంతో కూడా వచ్చాను. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను మందలించాలని బస్తీలోకి వెళ్లాను. ఖాజాబీ అనే ఆమె ఇంటి గడపలో సులోచన కూర్చుని ఉంది. ఒళ్లో రెండేళ్ల పిల్లవాడు, కళ్లు గుంటలు పడి. ఆమె లంగావోణీ అంతా కక్కు. చెంచాతో నీళ్లు పోస్తోంది. వాడు కక్కేస్తున్నాడు. తుడిచి మళ్లీ పోస్తోంది. నేను వాకిట్లో ఎంతసేపు నిలబడ్డాను? పది నిమిషాలు? మందలించకుండానే వెనక్కి వచ్చేశాను.

అంటే, ఆమెను కళ్లారా చూసినవాళ్లలో నేనొకదాన్ని. తప్పు పట్టుకోవడానికి వెళ్లి చూశాను.

సన్మానం రోజు మొదట గుడి కాపలా తాత లేచాడు. తర్వాత ఎవరూ లేవలేదు. బస్తీకి వెళ్లినవాళ్లు మాలో లేరు. అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నల్ల బురఖాలో ఖాజాబీ నిలబడింది. "నేను చెప్తా సాబ్. నా కొడుకు సచ్చిపోతుండె. గీ పిల్ల రెండు దినాలు ఒళ్లకెల్లి దించలే. ఖుదా కసం!"

సంఘ పెద్ద ఇబ్బందిగా, "కోప్పడకండమ్మా, మా సభ్యులే చెప్పాలి" అన్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?"

సులోచన తల తిప్పి నా వైపు చూసింది. నేను కీర్తనల పుస్తకం తెరిచాను.

ఆ తర్వాతి పేరు గుడి గోడలకు సున్నం వేసిన అబ్బాయిది. అతని కోసం వెంటనే లేచాను.

బయట గేటు దగ్గర ఆమె నన్ను ఆపింది.

"అక్కా, ఆ దినం వాకిట్ల నిలవడ్డది నువ్వే గదా? నీ నీలం చీర సూసిన."

"నేనే."

"మరి లేవకపోతివేంది?"

"మూడు వారాలు ఆరాధన మానేశావు. విశ్రాంతి దినం అంటే లెక్కలేదు నీకు. ఏ మొహంతో లేచి చెప్పమంటావు?"

ఆమె నవ్వింది. "విరేచనాలకు సుత ఆదివారం సెలవిప్పిస్తె మంచిగుండు. జర నీ దేవునికి చెప్పక్కా."

మన దేవుడు అనలేదు. నీ దేవుడు అంది. మళ్లీ మా గుడిలో అడుగు పెట్టలేదు. నర్సు సీటు రాలేదు. అమీర్‌పేటలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతుండగా ఒకసారి చూశాను. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాను. తర్వాత ఏమైందో తెలియదు.

అసూయా? నన్ను నేనే చాలాసార్లు అడిగాను. అసూయ అయితే బాగుండేది, అది మనుషులకు సహజం, చెప్పుకుంటే నలుగురూ తలూపుతారు. కాదు. నేను దేవుని పక్షాన నిలబడ్డాననుకున్నాను, ఆ మధ్యాహ్నం అన్నం కూడా తృప్తిగా తిన్నాను. విశ్రాంతి దినాన ప్రభువు రోగిని బాగుచేసిన కథ నాకు తెలియదా? సండేస్కూలు పిల్లలకు నేనే చెప్పేదాన్ని, ఫ్లానెల్ గుడ్డ మీద బొమ్మలు అంటించి. అందులో, విశ్రాంతి దినాన పని చేశాడని ఆయనను తప్పుపట్టేవాళ్ల బొమ్మల్ని కూడా నా చేత్తోనే అంటించాను. వాళ్లలో నా ముఖం ఎలా కనబడలేదు?

ఈ మధ్య పాస్టరుగారికి చెప్పాను. ప్రభువు ఎప్పుడో కడిగేశాడు, ఇంకా ఎందుకు తవ్వుతారన్నారు. నా పాపం కడిగి ఉండవచ్చు, నేను నమ్ముతాను. సులోచన చదువు మాత్రం తిరిగి రాలేదు కదా అన్నాను. ఆయన ప్రార్థన చేద్దామన్నారు. వద్దన్నాను. నా జీవితంలో ప్రార్థన వద్దన్నది అదొక్కసారే. దానికి పశ్చాత్తాపపడను.

నా విశ్వాసం పోయిందని ఎవరూ సంతోషపడనక్కరలేదు. పోలేదు. ఆదివారం గుడికి వెళ్తూనే ఉన్నాను. సులోచన చేసింది దేవుని పని. దాన్ని కళ్లతో చూసి, ఆయన పేరు చెప్పే నోరు మూసుకున్నాను. ఈ మాటను మెత్తబరచమని ఎవరడిగినా మెత్తబరచను.

ఇది రాశాక గుండె తేలికైంది. ఆమెకు దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు, తేలికపడే హక్కు నాకు లేదనీ తెలుసు. అయినా తేలికైంది. అది కూడా దాచను.