గోడలకు సిమెంటు పూసిన గ్రంథాలయం

దివిసీమలో ఇల్లు కట్టేవాడు ముందు ఉప్పుకు భయపడాలి, తర్వాతే గాలివానకు. మా ఊరి గ్రంథాలయం కట్టిన పెద్దలకు ఆ భయం ఉండేది. అరుగు నడుమెత్తు లేపారు. కాలువ మీద పడవల్లో ఇటుక తెప్పించారు. సముద్రపు గుల్లలు కాల్చి, గానుగలో తిప్పిన సున్నంతో మూరెడు మందాన గోడలు కట్టారు. పైన టేకు దూలాలు, పెంకులు. ముందు గుండ్రటి స్తంభాల వరండా. ఖర్చు ఊరంతా మోసింది. కుప్ప నూర్చిన ప్రతి కళ్లంలోనూ, ధాన్యం ఇంటికెళ్లే ముందు, ఒక కుంచం పుస్తకాలకని పక్కన కొలిచేవారట. చదువు రానివాళ్లూ కొలిచారని మా నాన్న గర్వంగా చెప్పేవారు.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, గ్రంథాలయం కమిటీకి కార్యదర్శి. మా పరీక్షల కంటే అక్కడి బీరువాల చెదల మీదే ఆయనకు బెంగ ఎక్కువ. "ఆ బిల్డింగుకే తాళి కట్టాల్సింది" అని అమ్మ దెప్పేది.

నేను పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో ఆ గోడలు ఛాతీలోతు సముద్రపు నీళ్లలో నిలబడ్డాయి. దూలాలెక్కి కొందరు బతికారు. నీళ్లు తీశాక గోడలు కొన్ని వేసవుల పాటు చెమ్మ కక్కి, మెల్లగా ఆరిపోయాయి.

వాటికున్న జబ్బల్లా ఒకటే, సున్నం రాలడం. గోడకానుకుని పేపరు చదివినవాళ్ల వీపులు తెల్లబడేవి. "పొలానికెళ్తానన్నారుగా, వీపు చూస్తే లైబ్రరీలో తేలినట్టుందే!" అని ఆడవాళ్లు మొగుళ్లను పట్టుకునేవారు. ఊరు నవ్వుకునేది. నాన్న మాత్రం కన్నతల్లి చీర చిరిగిందని ఎవరో వేలెత్తి చూపినట్టు బాధపడేవారు.

తొంభైల్లో ఆయన ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, లోపలా బయటా సిమెంటు పూత వేయించారు. వద్దన్నవాళ్లు లేరు. అప్పటికి మా ఊళ్లో సిమెంటంటే బలం, సున్నమంటే లేమి. నున్నటి గోడలకు నీలం రంగు వేయించిన రోజు నాన్న నన్ను సైకిలు మీద తీసుకెళ్లి చూపించారు. గోడను అరచేత్తో తట్టి, "ఇంక నూరేళ్లదాకా ఢోకా లేదమ్మాయ్" అన్నారు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

తర్వాతి వానాకాలాల్లో పూత వెనక ఉప్పు పొంగి, రంగు పొక్కులు లేచింది. నాన్న పొక్కులు గీకించి, వాటి మీద మళ్లీ సిమెంటే మెత్తించారు. పుస్తకాలకు బూజు పట్టింది. నేను కాలేజీ నుంచి సెలవులకు వచ్చేసరికి మా డాబా నిండా పుస్తకాలు ఎండబెట్టి ఉండేవి. నాన్న వాటి మధ్య గొంతుక్కూర్చుని ఒక్కో పేజీ విడదీస్తుండేవారు. చివరికి గోడలో ఉన్న దూలం కొస కుళ్లి, కప్పు ఒక పక్కకు ఒరిగింది.

చూడ్డానికి బందరు నుంచి ఇంజనీరు వచ్చాడు. కమిటీ అంతా వరండాలో నిలబడింది. అతను సుత్తితో ఒక పెచ్చు ఊడగొడితే, వెనకున్న ఇటుక తడిపిండిలా రాలింది.

"సున్నపు గోడకి సిమెంటు ఎవరు వేయించారండీ? చెమ్మ బయటికెళ్లే దారి మూసేశారు. ఇంక పడగొట్టడమే" అన్నాడు.

అందరికీ తెలుసు.

"నేనేనండి" అన్నారు నాన్న.

"అందరం కలిసి వేయించిందేగా మాస్టారూ" అన్నాడు కమిటీ ప్రెసిడెంటు. నాన్న తల అడ్డంగా ఊపారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని బస్టాండు దగ్గర ఎవరో నవ్వారట. విని నేను మండిపడ్డాను. నాన్నకు కోపం కూడా రాలేదు, అందుకే నాకు భయమేసింది.

పాతది పడగొట్టిన చోట స్లాబుతో కొత్త భవనం లేచింది. శిలాఫలకం చెక్కించే ముందు కమిటీవాళ్లు మా ఇంటికొచ్చారు. అన్నేళ్లు సేవ చేసిన మనిషి, మొదటి పేరు ఆయనదే ఉండాలన్నారు.

"కట్టినవాళ్ల పేర్లు వేయించండి. కూల్చినవాడి పేరెందుకండీ?" అన్నారు నాన్న. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ కాఫీ గ్లాసులు తీస్తూ, "ఆ బిల్డింగంటే మీకున్న ప్రేమ ఈ ఊళ్లో ఎవరికుందండీ?" అంది.

"అదేనే నా బాధ" అన్నారు నాన్న. "ప్రేమ లేనివాడైతే దాని జోలికెళ్లేవాడు కాదు. అదింకా నిలబడి ఉండేది."