ఐర్లండ్ మేడమ్, ఎర్ర గుర్రం

ఎనభైల్లో గల్ఫ్‌లో, సజ్జా ఊరి అవతల, మమ్మల్ని పనికి రప్పించుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్, గుర్రపుశాలను చూసుకునే ఆమెను అందరం ఐర్లండ్ మేడమ్ అనేవాళ్ళం. ఏ మగ గుర్రాన్ని ఎవరెంత పొగిడినా ఆమెది ఒకటే మాట: "దీని పిల్లల్ని చూపించండి."

తన దేశం నుంచి పిల్లగా తెచ్చి పెంచిన ఎర్ర గుర్రమంటే ఆమెకు ప్రాణం. ఎంత ఎత్తు కంచెనైనా అవలీలగా దూకేది. దాన్నే విత్తనానికి ఉంచారు. తీరా దానికి పుట్టిన పిల్లలన్నిటికీ, తల్లులు వేరైనా, ముందుకాళ్ళు వంకరే. మేడమ్ ఆ మోకాళ్ళను ఒక్కొక్కటే తడిమి, లేచి, "దీని విత్తులు తీయించాలి" అంది.

కఫీల్ నిర్ఘాంతపోయాడు. "ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడు.

"ఇంకో ఏడాదంటే ఇంకొన్ని కుంటి పిల్లలు."

"మీ చేతుల్ల పెరిగింది గద మేడమ్, మనసెట్ల ఒప్పింది?" అన్నాను.

మా దగ్గర నేర్చుకున్న హిందీలో చెప్పింది: "ప్రేమ నాది. నొప్పి ఆ పిల్లలది."

డాక్టర్ పని ముగించేదాకా ఆమె గుర్రం తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మత్తు దిగుతుంటే అది తూలుతూ లేచి, ఆమె భుజానికే ఆనుకుంది. మేడమ్ కదలకుండా ఆ బరువు మోసింది. నేను అటు చూడలేకపోయాను.