నోరు చూసి నేర్చుకున్న పిల్ల

పదేళ్ళ కిందట, వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచిన వారంలో, నన్ను నవ్య వెంట ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌కి పంపారు. నవ్యకి అప్పుడు తొమ్మిదేళ్ళు. బాలనటి. మూడేళ్ళుగా నేను ఆమెకి ప్రాంప్టర్‌ని. అంటే, పొద్దున సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ ఆ రోజు సీను చదివి వినిపిస్తే, నేను విని గుర్తుపెట్టుకుని, పిల్లకి ముక్కలు ముక్కలుగా నోటికి ఎక్కించాలి. షాట్ నడుస్తుంటే కెమెరా పక్కన కూర్చుని, మరిచిపోయిన చోట అందించాలి. హోదాలో మేకప్ అసిస్టెంట్ కంటే ఒక మెట్టు కిందే. తెర మీద మా పేరు పడదు. నా చదువు ఐదో తరగతి. కాగితమిస్తే ఈనాటికీ కూడబలుక్కుంటాను గానీ, చెవిన పడింది మాత్రం పోదు.

నవ్య నాకంటే గట్టిది. రెండుసార్లు చెబితే పేజీ అప్పజెప్పేది. వాళ్ళమ్మ సుజాత శ్రీనగర్ కాలనీలో రెండిళ్ళలో వంట చేసేది. ఇంట్లో "ఏందే, గట్ల జేస్తవ్" వింటూ పెరిగిన పిల్ల, కెమెరా ముందు "అలా చేస్తారేంటి నాన్నా" అని అచ్చం నాలాగే పలికేది. సెట్‌లో అందరూ మెచ్చుకుంటుంటే అందులో సగం నాదే అనుకునేదాన్ని.

మొదటి ఏడాదే ఒకటి కనిపెట్టాను. కాగితం పట్టుకుని గడగడా చెబుతున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు కదిలేవి కావు. ఒక్కచోటే నిలిచిపోయేవి. నేనూ చిన్నప్పుడు బళ్ళో అలాగే గట్టెక్కినదాన్ని కాబట్టి, చదవడం లేదు, విన్నది అప్పజెబుతోందని వెంటనే అర్థమైంది. సుజాత మాత్రం మురిసిపోయేది.

"చూసినవా అక్కా, మా పోరి పేపర్ ఎట్ల సదువుతుందో! నాకైతే ఒక్క అక్షరం రాదు, దీనికెట్ల వచ్చిందో."

"అంతా నీ అదృష్టమమ్మా" అన్నాను.

చదవడం వస్తే ఆ పిల్లకి నాతో పనేముంటుంది? ఆ ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. బడివాళ్ళూ ఏమీ అనలేదు. గేటుకి నవ్య ఫోటోతో ఫ్లెక్సీ కట్టుకుని, ఎన్ని రోజులు రాకపోయినా పై తరగతికి పంపేశారు.

అంతకుముందు సినిమాల్లో నవ్యకి వేరే పిల్లలు గొంతు ఇచ్చారు. ఈసారి డైరెక్టరుగారు ఆ పిల్ల గొంతే కావాలన్నారు. కుదిరితే తర్వాతి సినిమాలోనూ నవ్యే అని మాట. డబ్బింగ్‌లో తెర మీద తన పెదాలు చూసుకుంటూ, కాగితంలో ఉన్నది మైకు ముందు చెప్పాలి. మైకు గదిలో ఇంకొకరు గట్టిగా ఊపిరి తీసినా పట్టేస్తుంది గనక నన్ను లోపలికి రానివ్వలేదు. అద్దానికి ఇవతల సౌండ్ ఇంజనీరు పక్కన కూర్చున్నాను. వెనక సోఫాలో సుజాత.

రెండు సీన్లు చకచకా అయిపోయాయి, షూటింగ్‌లో నేర్పినవే కదా. మూడోదానికి ఎడిటింగ్ తర్వాత మాటలు మార్చారు. ఇది మా పనిలో మామూలే. కొత్త కాగితం నేరుగా మైకు దగ్గరికే వెళ్ళింది. నాకెవరూ చదివి వినిపించలేదు.

నవ్య పాత మాటలే చెప్పింది, ఎక్కడా తడబడకుండా.

"పాతది కాదు నాన్నా, నీ ముందున్న పేపర్లోది చెప్పు" అన్నాడు ఇంజనీరు.

మళ్ళీ పాతదే. మూడోసారి అద్దంలోంచి నా నోటికేసి చూసింది. నా దగ్గర ఏముంది అందించడానికి? పెదాలు ఊరికే కదిలించాను. ఇంజనీరు నవ్వాడు.

"ఏంటి రమణమ్మగారూ, బొమ్మలాట ఆడిస్తున్నారా? ఈ పిల్లకి చదవడం రాదా ఏంటి?"

ఆయన వేలు లోపలికి మాట వెళ్ళే బటన్ మీదే ఉంది. నవ్య హెడ్‌ఫోన్లు తీసి స్టాండు మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. సాయంత్రానికి వెంగళరావు నగర్ నుంచి ఇంకో పిల్లని పిలిపించారు. ఆ పిల్ల కాగితం చూసి చదివేసి వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర సుజాత నన్ను ఆపింది.

"నీకు ముందే ఎర్కనా అక్కా?"

"రెండేళ్ళ నుంచీ తెలుసు."

"నాకు సదువు రాదు, నేనెట్ల కనిపెడ్త? నువ్వు చెప్తే అయిపోతుండె కదా."

కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

తర్వాతి సినిమా నవ్యకి రాలేదు. ఎత్తు పెరిగాక బాలనటి వేషాలూ ఆగిపోయాయి. బడి మారిస్తే కొత్తచోట పరీక్ష పెట్టి రెండో తరగతిలో కూర్చోబెట్టారు. తనకంటే చిన్నపిల్లలు నవ్వుతుంటే కొన్నాళ్ళు వెళ్ళి మానేసింది. నేను ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళి నేర్పబోయాను. అక్షరం మీద వేలు పెట్టి పలికితే, అక్షరం చూసేది కాదు, నా నోరు చూసేది. ఆ అలవాటు నేను చేసిందే. ఎంత ప్రయత్నించినా మాన్పించలేకపోయాను. ఇప్పుడు గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లో ఉంది. ఫారాలు పక్కవాళ్ళ చేత నింపించుకుంటుంది.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కొత్త పిల్ల వస్తే, ఎప్పుడూ వినని నాలుగు లైన్లు చేతికిచ్చి నేను నోరు మూసుకుని కూర్చునేదాన్ని. చదవలేకపోతే ఆ సాయంత్రమే తల్లికి చెప్పేదాన్ని. ఇద్దరు తల్లులు కోపం వచ్చి తమ పిల్లల దగ్గర నన్ను మాన్పించారు. పిల్ల గడగడా చెప్పినంత మాత్రాన చదివినట్టు కాదు. చదువు రాలేదన్న సంగతి జ్ఞాపకశక్తి ఏళ్ళ తరబడి దాచగలదు. అది ముందుగా కనబడేది పక్కన కూర్చుని నేర్పేవాళ్ళకే. కనబడిన రోజే చెప్పాలి.